డీకమిషన్ (సర్వీసు నుంచి విరమణ) కాబోతున్న పాత నౌక స్క్రాప్‌కి పోకుండా ఆపాలంటే ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి?

తూర్పుతీరం (ప్రశ్న)

విమాన వాహక నౌక విక్రాంత్ 2014లో ముంబైలోని దారుఖానా స్క్రాప్ యార్డులో ముక్కలైంది. అలాంటిదే విరాట్ 2020లో ఓడలు విడగొట్టే గుజరాత్ తీరం అలంగ్ చేరింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో ఆఖరి ఆశ కూడా పోయింది. ఆ రెండు ఓడల మీద జనానికి అభిమానం తక్కువేమీ కాదు. విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ 1971 డిసెంబరులో విశాఖ ముందే మునిగింది కాబట్టి మన తీరానికీ ఆ ఓడతో సంబంధం ఉంది. అయినా నిలబెట్టుకోలేకపోయాం. అదే విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మాత్రం 2002 నుంచీ మ్యూజియంగా ఉంది.

మేం కొంతమందిమి కలిసి, తూర్పు తీరంలో త్వరలో సర్వీసు ముగించబోయే ఒక నౌకని మ్యూజియంగా ఉంచమని ప్రతిపాదన రాస్తున్నాం. పేరు ఇక్కడ చెప్పను. పొడవు దాదాపు 100 మీటర్లు, వెడల్పు 12, డిస్‌ప్లేస్‌మెంట్ (తేలేటప్పటి బరువు) 2,000 టన్నుల పైచిలుకు. వెల్డింగ్‌తో కట్టిన స్టీలు హల్ (ఓడ బయటి పెంకు), డీజిల్ ఇంజన్లు.

తెలిసినవాళ్లు చెప్పండి: ఏ దశలో కల్పించుకుంటే పని జరుగుతుంది? నీళ్లలో కట్టేసి ఉంచడం మేలా, ఒడ్డుకి ఎక్కించడం మేలా? ప్రతిపాదనలో ఏ లెక్కలు లేకపోతే పక్కన పడేస్తారు? "చరిత్ర, గర్వకారణం" అని రాసిన పేజీలు మా దగ్గర చాలా ఉన్నాయి. అంకెలే లేవు.

లంగరు

డీకమిషనింగ్ తేదీకి కనీసం రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి. విరాట్ కథలోని తేదీలు వరసగా చూస్తే కారణం తెలుస్తుంది.

2017 మార్చి 6న సర్వీసు ముగిసింది. అంతకుముందే ఆంధ్రప్రదేశ్ విశాఖకి తెచ్చుకునే ఆలోచన చేసింది, సాగలేదు. 2018 నవంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం సింధుదుర్గ్ జిల్లా నివతి దగ్గర సముద్రంలో నిలిపేందుకు 852 కోట్ల పథకానికి ఒప్పుకుంది, పెట్టుబడిదారు దొరకలేదు. 2019 జూలైలో స్క్రాప్ నిర్ణయాన్ని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. 2020లో ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలంలో 38.54 కోట్లకి అమ్ముడుపోయి సెప్టెంబరు 28న అలంగ్‌లో ఒడ్డెక్కింది. 100 కోట్లకి కొని మ్యూజియం చేస్తామన్న సంస్థ ఆ తర్వాతే వచ్చింది, దానికి రక్షణ శాఖ నిరభ్యంతర పత్రం ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు యథాతథ స్థితి అంది. ఏప్రిల్ 12న, అప్పటికే దాదాపు 40 శాతం కోసేశారు కాబట్టి ఇక ఆపలేమని కేసు కొట్టేసింది.

సర్వీసు ముగిశాక మూడేళ్లకి పైగా ఆ ఓడ నేవల్ డాక్‌యార్డ్‌లో జెట్టీ ఆక్రమించుకుని ఉంది. సిబ్బంది బదిలీ అయిపోతారు, సొంత జనరేటర్లు ఆగిపోతాయి. ఓడ అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపుకీ, లైటుకీ ఒడ్డు నుంచే కరెంటు ఇవ్వాలి. పక్కన పనిచేసే నౌకలకి జాగా చాలదు. నౌకాదళం "ఎవరైనా తీసుకెళ్తారా, లేదా?" అని అడగడం న్యాయమే. ఆ రోజుకి మీ చేతిలో జాగా ఉత్తర్వు, బడ్జెట్ ఉత్తర్వు ఉండాలి. సంతకాల పట్టిక ఆ రోజు పనికిరాదు.

వేలం పాట ఖరారై సొమ్ము కట్టాక ఓడ కొన్నవాళ్ల సొంతం. అలంగ్‌లో ఆటుకీ పోటుకీ మధ్య తేడా దాదాపు 10 మీటర్లు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి పెద్ద పోటు చూసి ఓడని ఒడ్డు మీదకి తోస్తారు. ఆటు వచ్చేసరికి బురదలో కూర్చుంటుంది, మళ్లీ తేల్చడం దాదాపు అసాధ్యం. అక్కడికి చేరాక కోర్టుకి వెళ్తే గెలిచినా చేతికి ఓడ రాదు.

చట్టం ఆదుకుంటుందని అనుకోవద్దు. 1972 పురావస్తువుల చట్టం కిందకి రావాలంటే వస్తువుకి నూరేళ్లు నిండాలి. 2025 జూన్ 26న అమల్లోకి వచ్చిన హాంకాంగ్ ఒప్పందం సురక్షితంగా ఎలా విడగొట్టాలో చెప్పేది, కాపాడమని చెప్పేది కాదు, పైగా యుద్ధనౌకలకి వర్తించదు. బ్రిటన్‌లో చారిత్రక నౌకల జాతీయ రిజిస్టర్ ఉంది, మనకి అలాంటిది లేదు. అది ఉన్నచోట కూడా పేరెక్కినంత మాత్రాన ఓడకి చట్ట రక్షణ రాదు.

మీ ఉత్తరం నౌకాదళానికీ రాష్ట్ర పర్యాటక శాఖకీ ఒకేసారి వెళ్లాలి. ఓడని ఎవరి పేర బదిలీ చేయాలో అందులో స్పష్టంగా ఉండాలి. కుర్సురాని చూసుకుంటున్నది విశాఖ నగరాభివృద్ధి సంస్థ, ఇప్పటి వీఎంఆర్‌డీఏ. అలా జీతాలిచ్చే, ఏటా బడ్జెట్ వేసే సంస్థ పేరు ఉంటేనే ఫైలు కదులుతుంది. ఉత్సాహవంతుల సంఘం పక్కన ఉండి సాయం చేయొచ్చు, యజమానిగా ఉండే శక్తి దానికి ఉండదు.

ప్లేట్‌గేజ్

లంగరు గారు చెప్పిన ఆ రెండేళ్లలో మొదట చేయించాల్సింది హల్ మందం కొలత. ధ్వని తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజింగ్ లేకుండా ఏ లెక్కా నిలబడదు.

ముందు నౌక షెల్ ఎక్స్‌పాన్షన్ డ్రాయింగ్ సంపాదించండి. ఏ ప్లేటు మొదట ఎంత మందమో అందులో ఉంటుంది. ఒక్కో ప్లేటు మీద ఐదు చోట్ల కొలవాలి, నాలుగు మూలల దగ్గర, ఒకటి మధ్యలో. మల్టిపుల్ ఎకో పద్ధతి మీటర్ వాడమనండి. మామూలు మీటర్ పెయింట్ మందాన్ని కూడా కలిపేసి స్టీలు బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. మొదటి మందంలో 25 శాతం పోయిన చోట ప్లేటు మార్చాలనే లెక్క వేసుకోండి. అంటే 10 మిల్లీమీటర్ల ప్లేటు 7.5కి వస్తే దాని పని అయిపోయినట్టే.

ఎక్కువ తినేసే చోట్లు దాదాపు ప్రతి ఓడలోనూ ఒకటే. నీటి గీత దగ్గర తడి, గాలి రెండూ తగిలే పట్టీ. లోపల బిల్జ్ నీరు నిలిచే మూలలు. వంటగది, మరుగుదొడ్ల కింది డెక్కు. లంగరు గొలుసు గది. రాగి మిశ్రమం ప్రొపెల్లర్‌కి దగ్గరలో ఉన్న స్టీలు, అక్కడ రెండు లోహాల మధ్య బ్యాటరీలా కరెంటు పారి స్టీలు కరుగుతుంది. బయట నుంచి నున్నగా కనిపించే ప్లేటు లోపలి నుంచి తినేసి ఉండొచ్చు, ట్యాంకులు తెరిచి చూడకుండా ఎవరి మాటా నమ్మొద్దు.

నీళ్లలోనే ఉంచితే ఈ పనులు తప్పవు.

సముద్రపు నీళ్లు లోపలికి తీసుకునే, బయటికి వదిలే ప్రతి రంధ్రాన్నీ, అంటే సీ చెస్ట్‌లనీ డిశ్చార్జ్‌లనీ, డ్రై డాక్‌లో (నీళ్లు తోడేసి ఓడని నిలిపే రేవులో) బయటి వైపు ప్లేటు వెల్డ్ చేసి మూసేయాలి. వాల్వు బిగించాం కదా అని వదిలేయకూడదు. తెరిచి మూసే పని లేని వాల్వు బాడీ లోపలే తుప్పు పడుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టుని లాక్ చేసి, అది హల్ దాటే గొట్టానికి, అంటే స్టెర్న్ ట్యూబ్‌కి, బయట క్యాప్ వేయాలి. అక్కడ నీటిని ఆపే గ్లాండ్ ప్యాకింగ్ ఎండిపోతే అక్కడి నుంచే కారడం మొదలవుతుంది.

హల్‌కి బదులు తామే కరిగి తుప్పు ఆపే లోహపు దిమ్మలు, అంటే యానోడ్‌లు, మీ ఓడకి ఎంత కావాలో లెక్క ఇలా వస్తుంది. 100 మీటర్ల పొడవు, 12 వెడల్పు, 3.5 మీటర్ల లోతు అనుకుంటే నీళ్లలో మునిగే వైశాల్యం దాదాపు 1,200 చదరపు మీటర్లు. పెయింట్ ఓ మోస్తరుగా ఉంటే చదరపు మీటరుకి 20 మిల్లీ ఆంపియర్లు కావాలి, మొత్తం 24 ఆంపియర్లు. ఒక ఆంపియర్‌ని ఏడాది పొడవునా ఇవ్వడానికి అల్యూమినియం యానోడ్ 3.5 కిలోలు ఖర్చవుతుంది. యానోడ్‌లో 85 శాతమే వాడకంలోకి వస్తుంది కాబట్టి ఏడాదికి 100 కిలోలు, పదేళ్లకి ఒక టన్ను. జింక్ అయితే దీనికి మూడు రెట్లకి పైగా బరువు. సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో నెలకోసారి కొలిస్తే హల్ వోల్టేజి మైనస్ 0.80 నుంచి మైనస్ 1.05 వోల్టుల మధ్య ఉండాలి. మైనస్ 0.80కి చేరకపోతే తుప్పు నడుస్తున్నట్టు.

రెండు హెచ్చరికలు. గోదావరి, కృష్ణ ముఖద్వారాల్లో కట్టేస్తే వరదల నెలల్లో నీరు దాదాపు మంచినీరవుతుంది, అల్యూమినియం యానోడ్ పైన పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. రెండోది, ఒడ్డు నుంచి ఇచ్చే కరెంటు ఎర్త్ తీగ ద్వారా జెట్టీ కింద నాటిన స్టీలు పైల్సు (స్తంభాలు) మీ ఓడకి కలిసిపోతాయి. అప్పుడు మీ యానోడ్‌లు జెట్టీని కాపాడుతూ ఏడాది తిరక్కుండానే అరిగిపోతాయి. మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం తప్పనిసరి.

మ్యూజియం ఓడలు మునగడానికి చిల్లు ఒక్కటే కారణం కాదు. సందర్శకులు సులువుగా నడవాలని నీటి గీత కింద బల్క్‌హెడ్‌లకి (గదుల్ని వేరు చేసే అడ్డుగోడలకి) ద్వారాలు కోస్తారు, కేబుళ్ల కోసం రంధ్రాలు చేస్తారు. దాంతో ఒక గదిలో ఆగాల్సిన నీరు ఓడంతా పారుతుంది. జనం దారిని నీటి గీత పై డెక్కుల్లోనే పెట్టండి. కింద చూపించదలిస్తే పై నుంచి మెట్లు దించి, ఏ గదికి ఆ గది విడిగా ఉంచండి. ప్రతి గదిలో బిల్జ్ అలారం ఉండాలి, రాత్రి వేళ అది ఎవరి ఫోనుకి మోగాలో కాగితం మీద ఉండాలి. అమెరికాలోని బఫలోలో ద సలివాన్స్ అనే డిస్ట్రాయర్ 2022 ఏప్రిల్‌లో హల్‌కి చిల్లు పడి, ఒరిగి, జెట్టీ దగ్గరే పాక్షికంగా మునిగింది.

డ్రై డాక్ ఖర్చు తప్పించుకోవడానికి పలచబడ్డ ప్లేటు మీద ఇంకో ప్లేటు వేసి చుట్టూ వెల్డ్ చేద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. తాత్కాలికంగా, టోయింగ్ (టగ్‌తో లాక్కెళ్లడం) వరకే ఒప్పుకోండి. రెండు ప్లేట్ల మధ్య చేరిన తడి కనపడదు, లోపలి ప్లేటు మందం మళ్లీ కొలవలేరు, వెల్డ్ వేసిన అంచు చుట్టూ కొత్త తుప్పు మొదలవుతుంది. మీది వెల్డింగ్ హల్ కాబట్టి నయం, రివెట్ల ఓడలైతే ఆ వేడికి పక్క రివెట్లు వదులై కొత్త లీకులు పుడతాయి.

తూర్పుతీరం

ఇద్దరికీ ధన్యవాదాలండి. యానోడ్‌ల లెక్క చూశాక నీళ్లలో ఉంచడం అంటే జీవితాంతం సేవ అని అర్థమైంది. అయితే ఒడ్డుకి ఎక్కించడమే నయమా? కుర్సురా సబ్‌మెరైన్ కాబట్టి కుదిరిందా, మామూలు నౌకకి కూడా కుదురుతుందా?

కీల్‌బ్లాక్

మీ సైజు నౌకకి కుదురుతుంది. నా మటుకు నేను ఒడ్డునే ఎంచుకుంటాను. మన తీరంలో తుఫాను ఒక్కటి చాలు ఆ నిర్ణయానికి. గంటకి 180 కిలోమీటర్ల గాలి పక్క నుంచి కొడితే, గాలికి ఎదురయ్యే 1,000 చదరపు మీటర్ల మీద దాదాపు 150 టన్నుల తోపుడు వస్తుంది. తాళ్లు ఆపలేవు. పైల్సు దిగేసిన మూరింగ్ డాల్ఫిన్లు (ఓడని కట్టేసే దిట్టమైన స్తంభాలు) కావాలి, వాటికే కోట్లు. 2020 అక్టోబరులో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడని అందరూ చూశారు, అది దాదాపు 80 మీటర్లదే.

కుర్సురా పొడవు 91.3 మీటర్లు, నీటి మీద తేలేటప్పుడు బరువు 1,950 టన్నుల దగ్గర. బీచ్ మీద చివరి చోటుకి చేర్చడానికి దాదాపు 18 నెలలు, 5.5 కోట్లు పట్టాయి. ఆనాటి అంకెని ఈరోజు ప్రతిపాదనలో వాడొద్దు. కానీ ఎంత కాలం పడుతుందో అది మంచి గుర్తు.

ఒడ్డున మొదటి సమస్య బరువు. నీళ్లలో అడుగంతా సమంగా మోస్తుంది, ఒడ్డున కీల్ (ఓడ అడుగు వెన్నెముక) కింది దిమ్మలే మోయాలి. 2,100 టన్నులు 70 మీటర్ల కీల్ మీద పడితే మీటరుకి 30 టన్నులు. ఒకటిన్నర మీటరుకి ఒక దిమ్మ అనుకుంటే ఒక్కోదాని మీద 45 టన్నులు, ముందు వెనక కొసల్లో ఇంకా ఎక్కువ. దిమ్మ ఎప్పుడూ ఫ్రేమ్ (హల్ పక్కటెముక) కిందో బల్క్‌హెడ్ కిందో రావాలి. రెండు ఫ్రేముల మధ్య ఖాళీలో పెడితే ప్లేటు లోపలికి నొక్కుకుపోతుంది. ఎక్కడెక్కడ పెట్టాలో ఆ నౌక డాకింగ్ ప్లాన్‌లో గీసే ఉంటుంది. అందుకే డీకమిషనింగ్‌కి ముందే డాకింగ్ ప్లాన్, ట్యాంక్ ప్లాన్, స్టెబిలిటీ బుక్ నకళ్లు అడిగి పెట్టుకోండి. ఓడ సర్వీసు అయిపోయాక ఆ కాగితాలు ఎక్కడికి చేరతాయో వెతకడమే పెద్ద పని.

దిమ్మల కింది కాంక్రీటు పైల్సు మీద నిలవాలి, ఇసుక మీద కాదు. ఆర్కే బీచ్ కోత గురించి తెలిసిందే, ఇసుక కింద నుంచి జారిపోతే ఓడ నడుం విరుగుతుంది.

ఒడ్డుకి లాగే ముందు ఇంకో ప్రమాదం ఉంది. బరువు తగ్గిద్దామని అడుగున ఉన్న ఇంజన్లు, జనరేటర్లు, ఇంధనం తీసేస్తే గురుత్వ కేంద్రం పైకి పోతుంది, ఓడ ఒరిగే స్వభావం వస్తుంది. ఏం తీసినా టోయింగ్‌కి ముందు ఓడ ఎంత ఒరుగుతుందో చూసే ఇన్‌క్లైనింగ్ పరీక్ష చేసి, అవసరమైతే ఘన బ్యాలస్ట్ (నిలకడ కోసం అడుగున వేసే బరువు) వేయాలి. నా సలహా అయితే ఇంజన్లు అసలు తీయకండి, అవి లేని ఇంజన్ రూములో చూపించడానికి ఏమీ మిగలదు.

ఒడ్డున ఉంటే తుప్పు ఆగుతుందనేది పొరపాటు. ఉప్పు గాలి రోజూ తగులుతుంది, వర్షం నీరు అడుగు ట్యాంకుల్లో నిలుస్తుంది. ప్రతి ట్యాంకుకీ కింద నీరు పోయే రంధ్రం చేసి జాలీ పెట్టండి. సబ్‌మెరైన్‌లలో అయితే బయటి పలచటి హల్‌కీ లోపలి ప్రెషర్ హల్‌కీ మధ్య ఖాళీ అన్నిటికన్నా చేటు, మనిషి చేయి పట్టదు, పెయింట్ చేరదు.

పెయింట్ వేసే ముందు మంచినీళ్లతో కడిగి, మిగిలిన ఉప్పు చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాములకి మించకుండా పరీక్షించాలి. ఉప్పు మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా బొబ్బలు లేస్తుంది. ఎస్ఏ 2.5 స్థాయికి (దాదాపు ఉత్త లోహం కనిపించేదాకా) బ్లాస్టింగ్, అంటే రేణువులు చిమ్మి తుప్పు రాల్చడం, రెండు పొరలు ఎపాక్సీ, పైన పాలీయురేథేన్, మొత్తం ఎండాక 300 మైక్రాన్లు. ఎపాక్సీనే పై కోటుగా వదిలితే మన ఎండకి సుద్దలా రాలుతుంది. 3,000 చదరపు మీటర్లకి, 70 శాతం ఘనపదార్థం ఉన్న పెయింట్, 30 శాతం వృథా లెక్కన దాదాపు 1,800 లీటర్లు. పాత ఎర్ర పెయింట్‌లో సీసం ఉంటే బ్లాస్టింగ్ చుట్టూ గుడారం కట్టాలి, ఆ చెత్త ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పోవాలి. గొట్టాల మీది ఆస్బెస్టాస్, పాత కేబుళ్లలోని పీసీబీలు అనే విష రసాయనాలు జనం రాకముందే తేల్చాల్సినవి.

లోపల తుప్పు ఆపడానికి ఎంత ఖర్చు పెట్టినా గాలిలో తేమే అసలు విషయం. శుభ్రమైన స్టీలు 40 శాతం తేమ లోపల ఉంటే దాదాపు క్షేమం. ఉప్పు లోపలికి ఇంకిన ఇనుముకి అదీ చాలదు. 1843లో బ్రిస్టల్‌లో నీటిలోకి దిగిన ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్, 1937 నుంచి ఫాక్‌లాండ్స్ తీరంలో వదిలేసి ఉంటే, 1970లో పాంటూన్ (తేలే వేదిక) మీద ఎక్కించి, అది తయారైన డ్రై డాక్‌కే తెచ్చారు. నీటి గీత దగ్గర అద్దపు పలక వేసి, దాని కింద గాలిని 20 శాతం తేమ దగ్గర ఉంచుతున్నారు. ఆ యంత్రాలు ఆగితే తుప్పు మళ్లీ మొదలవుతుంది.

బందరురేవు

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఎక్కువ ఓడలు మొదటి ఖర్చు దొరక్క కాదు, ఏటా ఖర్చు దొరక్క పోతున్నాయి.

విక్రాంత్ 1997లో సర్వీసు ముగించాక, 2001 నుంచి 2012 దాకా ముంబైలో తేలే మ్యూజియంగానే ఉంది. శాశ్వతంగా చూసుకునే యజమాని దొరకలేదు, హల్ పాడై భద్రత కారణంగా మూసేశారు. 2014లో 60 కోట్లకి అమ్ముడుపోయింది. అమెరికాలో ఎస్ఎస్ యునైటెడ్ స్టేట్స్‌ని పరిరక్షణ సంఘమే 2011లో కొనుక్కుంది, ఓడ వాళ్ల సొంతమే. కానీ ఫిలడెల్ఫియా జెట్టీ అద్దె 2021లో రోజుకి 850 డాలర్ల నుంచి 1,700కి పెంచారు, వివాదం కోర్టుకెక్కి 2024లో ఖాళీ చేయమని తీర్పు వచ్చింది. ఆ ఓడని, చేపలు చేరే కృత్రిమ దిబ్బగా ముంచడానికి, ఫ్లోరిడాలోని ఒకాలూసా కౌంటీ కొంది. జాగా సొంతం కాకపోతే ఏమవుతుందో దీన్ని మించిన ఉదాహరణ లేదు.

టికెట్ల ఆదాయంతో నడుస్తుందని రాయకండి. మూలనిధి చూపించండి. ఏటా కోటి రూపాయలు కావాలనుకుందాం. నిధికి 7 శాతం వడ్డీ వస్తే, ధరల పెరుగుదలకి 3 శాతం మళ్లీ అసలులో కలపాలి, ఖర్చుకి మిగిలేది 4 శాతం. అంటే 25 కోట్ల నిధి. ఇది లేనప్పుడు నిర్వహణ బడ్జెట్‌కి విడి పద్దు పెడుతూ ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. టికెట్ల సొమ్ము రోజువారీ జీతాలకీ కరెంటుకీ సరిపోవచ్చు. పెద్ద పెయింటింగ్, ప్లేట్ల మార్పు మాత్రం నిధి నుంచే రావాలి. అమెరికాలో 1914 నాటి యుద్ధనౌక టెక్సస్‌కి ఆ రాష్ట్రం 3.5 కోట్ల డాలర్లు ఇచ్చింది కాబట్టే 2022లో డ్రై డాక్‌కి వెళ్లగలిగింది.

అన్నీ చేసినా కుదరకపోవచ్చు, అందుకని ప్రతిపాదనలోనే రెండో దారి రాయండి. ముంచి దిబ్బగా చేయడం ఒకటి, మహారాష్ట్ర గుల్దార్ నౌకని నివతి దగ్గర అలాగే నీటి అడుగు మ్యూజియం చేయాలని తీసుకుంది. దానికైనా నూనె, కేబుళ్లు, ఆస్బెస్టాస్, ప్లాస్టిక్, రాలే పెయింట్ అన్నీ తీయాలి, చవక పని కాదు. నాకు నచ్చేది ఇంకోటి: బ్రిడ్జిని మొత్తంగా కోసి దించడం, ఒక మెస్ డెక్ (నావికులు తిని పడుకునే చోటు), ఒక ఇంజన్, గంట, నిర్మాణ ఫలకం, లాగ్ పుస్తకాలు. కోయడానికి ముందు లోపలా బయటా లేజర్ స్కాన్. ఏ ముక్కలు కావాలో వేలం షరతుల్లోనే రాయించాలి, కొన్నవాళ్లని తర్వాత బతిమాలితే కేజీ లెక్కన ధర చెబుతారు.

తూర్పుతీరం

చాలా స్పష్టమైందండి. ఆఖరిగా ఒకటే. గేజింగ్‌కి మళ్లీ డ్రై డాక్ అద్దె పెట్టుకోవాలా? అంత సొమ్ము ఇప్పుడు లేదు.

ప్లేట్‌గేజ్

అక్కర్లేదు. నౌక సర్వీసులో ఉండగా ఆఖరిసారి డ్రై డాక్‌కి ఎక్కినప్పుడు కొలిచిన మందం రిపోర్టు ఉండాలి, మొదట దాన్ని అడగండి. అది ఐదేళ్ల లోపుదైతే ప్రతిపాదనకి సరిపోతుంది. నీటి గీత దగ్గర ఏడాదికి 0.3 మిల్లీమీటర్లు, మిగతా చోట 0.1 చొప్పున తగ్గించి రాసుకోండి. నీటి గీత పట్టీని మాత్రం ఓడ తేలుతుండగా లోపలి వైపు నుంచి ఇప్పుడే కొలిపించండి, ట్యాంకు మూతలు తీసి గాలి పెట్టి, ఆక్సిజన్ పరీక్షించాకే మనిషిని దింపాలి. మూసిన ట్యాంకులో తుప్పే ఆక్సిజన్‌ని తినేసి ఉంటుంది, పరీక్షించకుండా దిగినవాళ్లు స్పృహ తప్పి పడిపోతారు.